మనకు అవసరమైన ముఖ్తారునామా మన చట్టంలో లేదు

గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ పటమటలోనో దస్తావేజు లేఖరి దగ్గరికి వెళ్లి, అమెరికాలో ఉన్న అబ్బాయి తరఫున ఫ్లాటు అమ్మాలని చెబితే, చాలాసార్లు ఆయన కంప్యూటర్‌లో ఉన్న జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే అన్ని పనులకూ అధికారమిచ్చే ముఖ్తారునామా) నమూనానే తెరిచి పేర్లు మారుస్తారు. అమ్ముకొనుటకు, తాకట్టు పెట్టుటకు, కోర్టు వ్యవహారములు నడుపుటకు అంటూ సాగిన ఆ కాగితం ‘మీరు చేయు సమస్త కార్యములు నేను స్వయముగా చేసినట్లే ఒప్పుకొనుచున్నాను’ అనే వాక్యంతో ముగుస్తుంది. కావలసింది ఒక్క ఫ్లాటు అమ్మకమైతే, రాసిచ్చింది ఆస్తి మొత్తం మీద పెత్తనం. ఆ పనికి డోర్ నంబరు, హద్దులతో సహా రాసిన స్పెషల్ పవర్, అంటే ఆ ఒక్క పనికే పరిమితమైన ముఖ్తారునామా, సరిపోతుంది. విదేశంలో సంతకం చేసేవారు అక్కడి భారత కాన్సులేట్‌లో గానీ నోటరీ ఎదుట గానీ చేయాలి. కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి.

అమ్మకపు దస్తావేజు లేకుండా జీపీఏ మీదే ఆస్తి కొనుక్కున్నామనేవారి సంగతి వేరు. అలాంటి లావాదేవీతో యాజమాన్య హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. అయితే కుటుంబ సభ్యులకు నిజాయితీగా ఇచ్చే అధికారాన్నీ, బిల్డరుతో డెవలప్‌మెంట్ ఒప్పందంలో భాగంగా ఇచ్చేదాన్నీ ఆ తీర్పు తప్పుపట్టలేదు. ఈ రెండో భాగాన్ని మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 201వ సెక్షన్. అధికారం ఇచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా ఏజెన్సీ, అంటే ఆయన తరఫున వ్యవహరించే ఏజెంటు అధికారం, రద్దవుతుందని అది చెబుతోంది. ఏజెంటుకు ఆ ఆస్తిలోనే సొంత ప్రయోజనం ఉన్న సందర్భాలను మాత్రం 202వ సెక్షన్ మినహాయించింది. మరణంతో అధికారం పోవడం సబబే, అక్కడినుంచి వారసుల హక్కు మొదలవుతుంది. మతిస్థిమితం మాట అలా కాదు. పిల్లలందరూ విదేశాల్లో ఉండగా ఒంటరిగా ఉంటున్న తల్లి, ముందుచూపుతో తమ్ముడి పేర జీపీఏ రాసి రిజిస్టరు చేయించిందనుకుందాం. ఆమెకు మతిమరుపు జబ్బు ముదిరి, తన వ్యవహారాలు తాను చూసుకోలేని స్థితి వచ్చిన రోజున, అంటే ఆ కాగితం అక్కరకు రావలసిన రోజునే, అది చెల్లకుండా పోతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి ఆస్పత్రి బిల్లు కట్టడానికి కూడా ఆ తమ్ముడికి అధికారం ఉండదు.

ఇంగ్లండులో ఇలాంటి స్థితి కోసమే, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోయాక కూడా చెల్లే లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ 2007 నుంచి అమలులో ఉంది. మన పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టం 1882 నాటిది, అందులో ఈ రకం ఊసే లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద ప్రతినిధిని నియమించుకోవచ్చు గానీ, ఆయన అధికారం చికిత్స వరకే, ఆస్తి జోలికి రాదు. కోమాలో ఉన్నవారి సంరక్షకుల నియామకానికి కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు రూపొందించవలసి వచ్చిందంటే, శాసనం వదిలేసిన ఖాళీ ఎంతటిదో తెలుస్తుంది. పార్లమెంటు 1882 చట్టంలో అలాంటి ముఖ్తారునామాకు చోటిస్తూ ఒక్క సెక్షన్ చేర్చినా, ఆ తమ్ముడికి హైకోర్టు మెట్లెక్కే పని తప్పుతుంది.