గంగవాయిలి రసంతో కిడ్నీ రాళ్లు కరగవు

వాట్సాప్‌లో తిరుగుతున్న సందేశం ఇది: గంగవాయిలి కూర (కొన్నిచోట్ల పాయల కూర అంటారు) పచ్చి రసం పరగడుపున గ్లాసెడు తాగితే కిడ్నీ రాళ్లు కరుగుతాయి, ఉడికిస్తే పోషకాలన్నీ పోతాయి, ఇది తింటే చేపనూనె అక్కర్లేదు, చేలో దానంతటదే మొలుస్తుంది కాబట్టి రసాయన మందుల భయం లేదు. కూర మంచిదే. సందేశమే ప్రమాదం.

ముందు రాళ్ల సంగతి. కిడ్నీ రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేటువి. ఆక్సలేటు అంటే ఆకుల్లో సహజంగా ఉండే ఒక పదార్థం; గంగవాయిలిలో అది పాలకూరకు ఏమాత్రం తీసిపోదు. ఆకు రుబ్బి వడకడితే పిప్పి పైన ఉండిపోతుంది, నీళ్లలో కరిగే ఆక్సలేటు మాత్రం గ్లాసులోకి దిగుతుంది. పైగా పరగడుపున! భోజనంలో కాల్షియం ఉంటే ఆక్సలేటు పేగుల్లోనే దానితో కలిసి మలంతో పోతుంది. ఖాళీ కడుపులో ఆ అడ్డు ఉండదు, రక్తంలో చేరి మూత్రంలోకి వస్తుంది. రోజూ పచ్చి ఆకురసాలు తాగి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. రాళ్లున్నవాళ్లకే ఈ సలహా ఇవ్వడం మరీ అన్యాయం.

ఉడికిస్తే పోయేది ముఖ్యంగా సి విటమిన్. ఒంట్లో ఎ విటమిన్‌గా మారే బీటా కెరోటిన్ అయితే ఆకు ఉడికి, కాస్త నూనె తగిలితేనే బాగా ఒంటబడుతుంది. పావుకిలో ఆకుని లీటరున్నర మరిగే నీళ్లలో 5 నిమిషాలు ఉంచి, నీళ్లు వార్చి పారబోస్తే కరిగే ఆక్సలేటు బాగా తగ్గుతుంది. కొద్ది నీళ్లతో మూతపెట్టి మగ్గిస్తే ఎక్కడిదక్కడే ఉంటుంది; పప్పుతో కలిపి కుక్కర్లో పెట్టినా అంతే. అందుకే వార్చిన ఆకునే ఉడికిన పప్పులో కలపాలి, లేదా పెరుగుపచ్చడి చేసుకోవాలి: పెరుగులోని కాల్షియం మిగిలిన ఆక్సలేటును పట్టుకుంటుంది. పప్పు దించాక నిమ్మకాయ పిండితే పోయిన సి విటమిన్ కొంత తిరిగొస్తుంది, ఇనుము ఒంటబట్టడానికీ సాయపడుతుంది. గతంలో రాళ్లు వచ్చినవాళ్లు ఇలా వండినా డాక్టరును అడిగే తినాలి.

చేపనూనెకు పేరు తెచ్చిన ఒమేగా-3 అనే మంచి కొవ్వు ఇందులో ఉన్నమాట నిజం, ఆకుకూరల్లో అది ఇంత ఎక్కువగా ఉండటం అరుదే. కానీ ఇక్కడున్నది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అనే రకం. దాన్ని చేపలో దొరికే ఒమేగా-3 రకాలైన ఈపీఏ, డీహెచ్ఏలుగా శరీరం మార్చుకునేది చాలా తక్కువ.

మందుల భయం లేదన్నది ఎవరి మాటో! రైతుకు ఇది కలుపు. కలుపుమందు కొట్టిన చేలో కోయకూడదు, ఆకులోకి ఇంకిన మందు కడిగితే పోదు. మురుగుకాలువల పక్కనా వద్దు. కోసేటప్పుడు కాడ తుంచి చూడండి: గంగవాయిలి కాడ కండగా ఉండి నీళ్లలాంటి రసం వస్తుంది. తెల్లటి పాలు కారితే అది నానబాలు జాతి మొక్క, పారేయండి.