గ్రంథాలయానికి సంచులు వద్దు, నిధి కావాలి

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మిగిలిన గైడ్లు, పిల్లల పాత పాఠ్యపుస్తకాలు సంచుల్లో కట్టి గ్రంథాలయంలో పడేసి, దానం చేశామని తృప్తిపడేవారు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి పూర్వ విద్యార్థులు, జిల్లావాసులు అండగా నిలవాలన్నదే మా కోరిక. ఆ సంచులు మాత్రం వద్దు. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేయాలి, వర్గీకరించాలి, బీరువాలో చోటు చూపాలి, చెదలు పట్టకుండా కాపాడాలి. ఎవరూ తెరవని పుస్తకానికీ ఈ చాకిరీ తప్పదు.

జనం తోడ్పాటుతో గ్రంథాలయం నిలబెట్టుకోవడం శ్రీకాకుళానికి కొత్త కాదు. కథా రచయిత కాళీపట్నం రామారావు మాస్టారు తనకు వచ్చిన పురస్కారాల డబ్బు పెట్టి 1997లో తెలుగు కథల గ్రంథాలయమైన కథానిలయం తెరిచారు. రచయితలూ పాఠకులూ విరాళాలిచ్చారు, దాచుకున్న పాత పత్రికలు పంపారు. తెలుగు కథలు కావాలని మాస్టారు స్పష్టంగా అడిగారు కాబట్టే ఏమి పంపాలో జనానికి తెలిసింది. విశ్వవిద్యాలయం కూడా అలాగే తనకేమి కావాలో పేరుపేరునా అడగాలి.

పౌర గ్రంథాలయాలకు 1960 నాటి చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల సెస్సు వస్తుంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఆ ఆధారం లేదు. పరిశోధన పత్రికల భారం మాత్రం కొంత దిగింది. కేంద్రం 2025లో ప్రారంభించిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13,000 జర్నళ్లు అందుబాటులోకి తెచ్చింది. అయితే ఉద్దానం కిడ్నీ వ్యాధిపై స్థానిక నివేదికలు, గిరిజనుల సవర భాషకు గిడుగు రామమూర్తి చేసిన సేవకు సంబంధించిన సామగ్రి, వంశధార ప్రాజెక్టు నిర్వాసితుల కాగితాలు, జిల్లా పత్రికల పాత సంచికలు ఆ చందాలో దొరకవు. వాటిని సేకరించి, బైండు చేయించి, స్కాన్ చేసి ఉంచడానికే విరాళాలు కావాలి.

ఇచ్చేది ఏటా వడ్డీ తెచ్చే మూలధనమైతే మరీ మంచిది. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ తన జీవితకాలపు పొదుపులోంచి లక్ష రూపాయలు మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. ఆ నిధితోనే ఆయన భార్య శారద పేరు కూడా కలిపి ఆచార్య పీఠం ఏర్పడింది. మన దాతలకేమో భవనాల మీద, వాటి గోడకు తగిలించే శిలాఫలకాల మీద మక్కువ ఎక్కువ. భవనం కట్టాక లోపల పుస్తకాలెవరు కొంటారని అడిగేవారు తక్కువ. పొరుగునే పైడిభీమవరంలో పరిశ్రమలున్నాయి. చట్టం వర్తించే కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి, అందులో చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలి. విశ్వవిద్యాలయ అధికారులు వాటి గడప తొక్కడానికి మొహమాటపడనక్కర్లేదు.

విరాళాలకు విడి ఖాతా ఉండాలి. ఏమేమి కొన్నారో ఏటా ప్రకటించాలి. జీతాల ఖాతాలో కలిసిపోయిందని తెలిస్తే మరుసటి ఏడు రూపాయి కూడా రాలదు. దాతలు ముందుకొచ్చారన్న సాకుతో ప్రభుత్వం తన కేటాయింపు తగ్గించబోదన్న హామీని పాలకమండలి మొదటి విరాళం అందుకోకముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.