బండి నడపడం వచ్చు, రోడ్డు మీద నడపడం రాదు

పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన వారంలోనే మా వీధిలో రెండు కొత్త స్కూటీలు దిగాయి. ఒకదానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, తాళాలు పదిహేనేళ్ల పిల్లాడి చేతిలో పెట్టారు. హెల్మెట్ ఊసే లేదు. "మావాడికి బండి అప్పుడే సూపర్‌గా వచ్చేసింది" అని తండ్రి మురిసిపోతుంటే నాకు కడుపులో దేవినట్టయింది.

మూడేళ్ల కిందట నేనూ అలాగే మురిసిపోయాను. పాల ప్యాకెట్‌కీ ట్యూషన్‌కీ మావాడికి బండి ఇచ్చి పంపేవాణ్ని. ఒకరోజు సందులోంచి సరాసరి మెయిన్ రోడ్డెక్కేశాడు. ఆటో అతను బ్రేక్ కొట్టబట్టి బతికాడు. మోచేయి, మోకాలు చెక్కుకుపోయి ఇంటికొచ్చాడు. "అటూ ఇటూ చూశావా రా?" అంటే, "హారన్ కొట్టాను కదా నాన్నా" అన్నాడు. నా నోట మాట రాలేదు. సందు మలుపులో హారన్ కొట్టి దూసుకుపోవడం వాడు ఏళ్ల తరబడి నా వెనక కూర్చుని నేర్చుకున్నదే.

ఆ రోజే తాళాలు తీసి బీరువాలో పెట్టాను. పద్దెనిమిది నిండేదాకా సైకిలూ, సిటీ బస్సే.

"పదహారేళ్లకే లైసెన్స్ ఇస్తారుగా" అంటారు. ఇస్తారు, కానీ 50 సీసీ దాటని బండికి మాత్రమే. మన ఇళ్ల ముందున్న స్కూటీలు 110, 125 సీసీవి. 2019లో చట్టం మార్చాక, మైనర్ బండి నడిపి దొరికితే తండ్రికి లేదా బండి ఓనర్‌కి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఇవన్నీ తెలిసినవాళ్లు కూడా "ఇక్కడిదాకే కదా" అని పంపేస్తున్నారు.

అయితే నా బాధ వయసు గురించి మాత్రమే కాదు. పద్దెనిమిది నిండినవాళ్లకి మాత్రం ఎవరు నేర్పుతున్నారు? ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నింగ్ లైసెన్స్) తీసుకుని, నెల ఆగి, కాలు కింద పెట్టకుండా 8 వేసి చూపిస్తే లైసెన్స్. 8 వేయడం వస్తే బ్యాలెన్స్ వచ్చినట్టు, అంతే. ఎదురుగా రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ వస్తే ఏం చేయాలో ఆ 8 చెప్పదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో నూటికి 44 మందికి పైగా టూవీలర్ మీద వెళ్తున్నవాళ్లే.

మావాడికి ఎల్‌ఎల్‌ఆర్ రాగానే ఆదివారాలు పొద్దున ఆరింటికి కాలేజీ గ్రౌండ్‌కి తీసుకెళ్లడం మొదలుపెట్టాను. సున్నంతో గీత గీసి, గీత దగ్గర బ్రేక్ వేయమన్నాను. ఇరవై స్పీడ్‌లో గీత దాటి నాలుగు అంగల్లో ఆగాడు. నలభైలో వచ్చాడు. నేను అంగలు లెక్కపెట్టుకుంటూ నడిచాను, పదిహేను దాటాయి. వాడి మొహం మాడిపోయింది. స్పీడ్ రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలు అవుతుందని ఇంటర్ ఫిజిక్స్‌లో మార్కులు తెచ్చుకున్నవాడికి ఆ పూట గానీ అర్థం కాలేదు. పైగా ముందు బ్రేక్ ముట్టుకుంటే పల్టీ కొడతామని వాడి భయం. నాకూ చిన్నప్పుడు అలాగే చెప్పారు. నిజానికి బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. రెండూ కలిపి, మెల్లగా బిగిస్తూ పట్టడం అలవాటు కావడానికి మూడు ఆదివారాలు పట్టింది.

మా పక్కింటి లారీ డ్రైవర్ బాబాయ్ చేసిన సాయం మరచిపోలేను. మావాణ్ని లారీ ఎక్కించి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టారు. నన్ను స్కూటీతో క్లీనర్ సైడు, అంటే ఎడమవైపు, ముందు చక్రం పక్కన నిలబడమన్నారు. "మీ నాన్న కనిపిస్తున్నాడా?" అని అడిగారు. వాడు అద్దంలో చూశాడు, మెడ చాచి చూశాడు. "లేడు బాబాయ్" అన్నాడు. నేను తలుపుకి చేయి దూరంలో ఉన్నాను. ఆ తర్వాత మావాడు లారీని ఎడమ పక్కనుంచి ఓవర్‌టేక్ చేయడం నేను చూడలేదు.

కాలిఫోర్నియాలో ఉన్న మా చెల్లెలి కూతురికి పదహారేళ్లకే కారు లైసెన్స్ వచ్చింది. దానికి ముందు ఆరు నెలలు పర్మిట్ మీద ఉండాలి. పెద్దవాళ్లు పక్కన కూర్చుని 50 గంటలు నడిపించాలి, అందులో 10 గంటలు రాత్రిపూట. లైసెన్స్ వచ్చాక కూడా మొదటి ఏడాది పెద్దవాళ్లు లేకుండా ఫ్రెండ్స్‌ని ఎక్కించుకోకూడదు. మనవాళ్లే అక్కడ ఓపిగ్గా ఆ గంటలన్నీ పక్కన కూర్చుంటున్నారు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగ్‌కి లక్షలు కట్టే మనం ఇక్కడ బండి నేర్పడానికి పది ఆదివారాలు కేటాయించలేమా?

వచ్చే ఆదివారం కూడా ఆరింటికి గ్రౌండ్‌లోనే ఉంటాం. మా వీధిలో ఎల్‌ఎల్‌ఆర్ ఉన్న పిల్లలెవరైనా హెల్మెట్ పెట్టుకుని రండి, అమ్మానాన్నలు కూడా రండి. సున్నం నేను తెస్తాను. లోడు లేకపోతే బాబాయ్ లారీ తెస్తానన్నారు.