ఆలస్యమైనా సరే, చవగ్గా పంపే దారేదీ?

డెమ్మీ అనే మామూలు సైజులో 200 పేజీల తెలుగు పుస్తకం ఒకటి తీసుకోండి. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) కాగితం మీద అచ్చేస్తే లోపలి పేజీలే దాదాపు 210 గ్రాములు. అట్ట కలిపితే 230. మూలలు నలగకుండా అట్టముక్కలు పెట్టి, తడవకుండా ప్లాస్టిక్ కవరు చుట్టి, చిరునామా అంటించేసరికి 300 గ్రాముల దగ్గరికి వస్తుంది. పుస్తకం వెల 200 రూపాయలు అనుకుందాం. ట్రాకింగ్‌తో విమానంలో అమెరికా పంపాలంటే ఖర్చు ఆ వెలను దాటిపోతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పాఠకుడు పుస్తకానికి 200 కాదు, 400 అన్నా ఇస్తాడు. షిప్పింగ్ దగ్గర కనిపించే అంకె చూశాకే ఆగిపోతాడు.

పోస్టేజీ పెరిగిపోయిందని ప్రచురణకర్తలు మొత్తుకుంటున్నారు. నిజమే కానీ, రేట్లు ఎప్పుడు పెరగలేదు గనక? అసలు పోయింది నిదానంగా, చవగ్గా వెళ్లే దారి. మందులకు తొందర ఉంటుంది, పాస్‌పోర్టుకు ఉంటుంది. కథల సంపుటికి ఏం తొందర? రెండు నెలలకు చేరినా కథ పాతబడదు. ఒకప్పటి పోస్టల్ వ్యవస్థలకు ఈ సంగతి తెలుసు. అచ్చు కాగితాలకు వేరే రేటు ఉండేది. ఒకే చిరునామాకు పుస్తకాలన్నీ ఒకే సంచిలో వేసి పంపే ‘ఎం బ్యాగ్’ ఉండేది, ఓడ ఉండేది. అమెరికా పోస్టు 2007 మేలో విదేశాలకు ఓడ టపా ఆపేసింది. అక్కడి చిన్న ప్రచురణ సంస్థలు ఆ రోజు నుంచీ విమానం రేటే కడుతున్నాయి.

మన దగ్గర 2024 డిసెంబర్‌లో పుస్తకాలను చవగ్గా పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టు చెప్పాపెట్టకుండా పోయింది. గోల జరిగాక 2025 మే 1న పుస్తకాల కోసం ‘జ్ఞాన్ పోస్ట్’ అనే సేవ వచ్చింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్నులు అదనం. రోడ్డు, రైలు మార్గాల్లోనే వెళ్తుంది కాబట్టి ఆ రేటు సాధ్యమైంది. అంటే పుస్తకం మెల్లగా వెళ్లినా ఫర్వాలేదు, చవగ్గా వెళ్లాలన్న సూత్రాన్ని తపాలా శాఖే ఒప్పుకుంది. దేశం సరిహద్దు దగ్గర మాత్రం ఆ సూత్రం ఆగిపోతోంది.

2025 ఆగస్టులో జరిగింది ఇంకా విచిత్రం. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలి, ఎలా కట్టాలి అన్నది తేలలేదు. విమాన సంస్థలు టపా సంచులు తీసుకోబోమన్నాయి. ఇండియా పోస్టు ఆగస్టు 25 నుంచి ముందు పార్సిళ్లు ఆపింది, ఆ తర్వాత ఉత్తరాలతో సహా అన్నీ ఆపింది. మళ్లీ మొదలైంది అక్టోబర్ 15న. మనొక్కరమే కాదు, 88 తపాలా సంస్థలు పూర్తిగానో కొంతమేరకో సేవలు నిలిపేశాయని, అమెరికాకు వెళ్లే టపా వారంలో 81 శాతం పడిపోయిందని ఐక్యరాజ్యసమితి తపాలా విభాగమైన యూనివర్సల్ పోస్టల్ యూనియన్ చెప్పింది. చోద్యం ఏమిటంటే, పుస్తకాలకు ఆ సుంకాలే వర్తించలేదు. అమెరికా చట్టానికి 1988లో చేసిన బెర్మన్ సవరణ ప్రకారం పుస్తకాల్లాంటి సమాచార సామగ్రి వాటి పరిధిలోకి రాలేదు. సుంకమే లేని సరుకు సుంకం గొడవలో ఇరుక్కుని కదలకుండా కూర్చుంది.

మరి తెలుగు పుస్తకాలు ఇప్పుడు అమెరికాకు ఎలా వెళ్తున్నాయి? చాలావరకు సూట్‌కేసుల్లో. 23 కిలోల పెట్టెలు రెండు. ఆవకాయ, అరిసెలు, పిల్లల బట్టలు సర్దాక మిగిలిన చోటులో రెండో మూడో పుస్తకాలు పడతాయి. ఆ చోటు దక్కేది అందరూ విన్న పేరుకే. కొత్త కవి మొదటి పుస్తకాన్ని ఎవరు మోస్తారు? పచ్చళ్లు పంపే కొరియర్లు పుస్తకాలూ పంపుతాయి గానీ, అక్కడ కిలో లెక్క, కనీస బరువు ఉంటాయి. పదీ పదిహేను పుస్తకాలు ఒకేసారి కొంటేనే గిట్టుబాటు. దాంతో లాభం అందరి పుస్తకాలూ అమ్మే పెద్ద షాపుకే. ఏడాదికి నాలుగు టైటిళ్లు వేసే ప్రచురణకర్తకు విదేశీ పాఠకుడు నేరుగా దొరకడం మానేశాడు. కొందరు వెబ్‌సైట్లలో ‘ఇండియాలో మాత్రమే’ అని పెట్టేసి ఊరుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. అడ్రస్ దొరక్క పార్సిల్ తిరిగొస్తే పుస్తకం లాభం పోవడమే కాదు, ఇంకో నాలుగు పుస్తకాల లాభమూ పోతుంది.

ఈబుక్ ఉందిగా అంటారు. 2016లో కిండిల్ భారతీయ భాషలకు తలుపు తెరిచినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం లోపలికి వెళ్లాయి. తెలుగు బయటే నిలబడింది. అయినా విదేశాల్లో తెలుగు పుస్తకం కొనేవాళ్లలో చాలామందికి ఫోన్లో చదవడానికి కావలసినంత ఉంది. వాళ్లకు కావలసింది అల్మరాలో పెట్టుకునే పుస్తకం.

నాకు కుదిరేలా కనిపిస్తున్న మార్గం ఒకటే. హైదరాబాద్, విజయవాడల్లోని పది మంది చిన్న ప్రచురణకర్తలు కలిసి, మూడు నాలుగు నెలలకోసారి ఓడలో ఉమ్మడిగా సరుకు పంపాలి. అమెరికాలో దిగాక అక్కడి పోస్టులో పుస్తకాల్లాంటి వాటికి ‘మీడియా మెయిల్’ అనే చవక రేటు ఉంది. సముద్రం దాటే ఖర్చు ఒక్కో ప్రతికి బాగా తగ్గుతుంది. చిక్కల్లా డబ్బు దగ్గరే. 500 ప్రతులు వేసేవాడు అందులో 50 అక్కడికి పంపితే, అమ్ముడుపోయేదాకా పదోవంతు పెట్టుబడి పరాయి గరాజులో ఉంటుంది. అమ్ముడుపోనివి వెనక్కి తెప్పించుకునే ఆశ కూడా ఉండదు. మిగిలినవి ఎవరి ఖాతాలో నష్టం, అక్కడ ప్యాక్ చేసి పంపే మనిషికి ప్రతికి ఎంత, డబ్బు ఎన్నాళ్లకోసారి ఇక్కడికి రావాలి అన్నవి స్నేహాల మీద వదిలేయకుండా మొదటి పెట్టె ఓడెక్కక ముందే రాసుకోవాలి.