సముద్రానికి షోకాజ్ నోటీసు

ఏప్రిల్ వచ్చిందంటే ఒడిశాలోని మా బరంపురానికి రెండు బాధలు. ఒకటి ఉక్కపోత, రెండోది హైదరాబాదు నుంచి "నేచర్" కోసం దిగే చుట్టాలు. ఉక్కపోతకు తాటి ముంజలున్నాయి. రెండోదానికి మందు లేదు.

ఈసారి దిగినవాడు మా తోడల్లుడు. స్టేషన్లో బ్యాగు నా చేతికిచ్చి, క్షేమసమాచారాల కన్నా ముందు అడిగిన మాట: "అన్నయ్యా, గోపాల్‌పూర్‌లో యాక్టివిటీస్ ఏమున్నాయి?"

నాకు చెమటలు పట్టాయి. పదహారు కిలోమీటర్ల దూరంలో పుట్టి పెరిగి, ఆ సముద్రం ఏం యాక్టివిటీ చేస్తుందో ఎప్పుడూ కనుక్కోలేదు. అల వస్తుంది, వెళ్తుంది, మళ్లీ వస్తుంది. లైట్‌హౌస్ ఉంది, కూలిన పాత గోడలున్నాయి. మా తాతల కాలంలో జనం ఇక్కడే ఓడెక్కి రంగూన్ వెళ్లేవారు, అదిప్పుడు లేదు. చెప్పుకోదగ్గ యాక్టివిటీ అంటే 2013 అక్టోబరు 12 రాత్రి జరిగింది. ఫైలిన్ తుపాను ఇక్కడే తీరం దాటింది, గంటకు 200 కిలోమీటర్లు మించిన గాలితో. మా వీధిలో ఎవరి రేకు ఎవరి పెరట్లో పడిందో లెక్క తేలడానికే నెల పట్టింది. పాపం, మా తోడల్లుడు ఆ ప్యాకేజీ మిస్సయ్యాడు.

మర్నాడు తెల్లవారకముందే బీచికి వెళ్లాం. డిక్కీలోంచి టెంటు తీశాడు. ఆన్‌లైన్లో కొన్నదట, "రెండు నిమిషాల్లో లేస్తుంది." ఇసుకలో మేకు దిగ్గొట్టాడు, లేచొచ్చింది. ఇంకోటి కొట్టాడు, మొదటిదానికి తోడుగా అదీ లేచొచ్చింది. మా మరదలు ఫోన్లో వీడియో చూస్తూ "గాలికి వీపు పెట్టాలట" అంది. ఎవరి వీపో వీడియోలో చెప్పలేదు. నలుగురం నాలుగు మూలలు పట్టుకున్నాం. గాలి లోపలికి దూరింది. టెంటు గుమ్మడికాయలా ఉబ్బి, నన్నూ ఒక మూలనూ కలిపి నాలుగడుగులు లాక్కుపోయింది. నేను వదిలేశాను. నా జీవితంలో నేను తీసుకున్న మంచి నిర్ణయాల్లో అదొకటి. అది దొర్లుకుంటూ వెళ్లి, చేపల గంపలతో వస్తున్న ఆడవాళ్ల ముందు ఆగింది. వాళ్లు నవ్వలేదు, పక్కకి తప్పుకుని దారిచ్చారు.

చివరికి ఒక ముసలాయన పట్టుకొచ్చాడు. "ఏటి బాబూ, గాలికి ఎదురు కట్టేసినారు?" అని, తన పడవ మోకుతోనే ఆ పడవకు కట్టిచ్చాడు. ఒడియావాళ్లు నోలియాలంటారు ఈ జాలర్లని. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా తోడల్లుడికి ముచ్చటేసింది. "తాతా, ఆ చొక్కా తీసేసి వల విసురుతున్నట్టు ఒకసారి నించో. ఒరిజినల్‌గా ఉండాలి" అన్నాడు.

ఆయన చొక్కా తీశాడు. ఇరవై రూపాయలిచ్చారు. నేను పక్కనే నిలబడి చూశాను, ఒక్క మాట అనలేదు. సిగ్గుతో చెబుతున్నాను.

ఆయనది పోడంపేట. ఆ ఊరిని చాలావరకు సముద్రమే మింగేసింది. ఋషికుల్య నది సముద్రంలో కలిసే ఆ ఒడ్డునే లక్షల తాబేళ్లు గుడ్లు పెడతాయి. వాటి కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా, ఆ ముఖద్వారం దగ్గర 20 కిలోమీటర్ల మేర ఇంజను పడవలు వేటకు వెళ్లకూడదు. ఏడాదిలో ఏడు నెలలు! తాబేలు బతకాలంటే ఆయన పొయ్యి మీద కుండ చల్లబడాలి. సరే, ఓర్చుకున్నాడు. అదే రాత్రి మావాళ్లు ఏం చేశారు? తాబేలు పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చే వేళని తెలిసి ఆ ఒడ్డుకే బయల్దేరారు. పుట్టిన తాబేలు పిల్లకు తెలిసిన దారి ఒక్కటే, వెలుగున్న వైపు నడవడం. చీకట్లో నీటి మీది వెలుగే దానికి దారి. అక్కడ వీళ్లు ఫోన్ లైట్లు వేశారు. కాపలా ఉన్న జాలరి కుర్రాడు "ఆర్పండి సార్, ఆర్పండి" అని బతిమాలుతుంటే, "ఒక్క రీలు తమ్ముడూ" అన్నారు. బొటనవేలంత పిల్లలు సముద్రానికి వీపు తిప్పి వీళ్ల చెప్పుల వైపు పాకాయి. ఒకటి చెప్పు కిందకే వచ్చింది. ఒరే, ఏడు నెలలు పస్తులున్నది వాడురా! మీరు ఒక్క నిమిషం లైటు ఆర్పలేకపోయారా?

క్షమించాలి. షోకాజ్ నోటీసు సంగతికొద్దాం. రైలెక్కే ముందు మా తోడల్లుడు గోపాల్‌పూర్‌కు మూడు స్టార్లిచ్చాడు. "సీనరీ ఓకే. యాక్టివిటీస్ లేవు." కనుక బంగాళాఖాతం వారికి తెలియజేయునది: మూడు రోజుల పాటు అలలు తప్ప మరేమీ చూపనందుకు మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా తెలుపగలరు. అక్టోబరులో మాత్రం వద్దు. మీ జవాబులు మాకు తెలుసు.

టెంటు మా ఇంట్లోనే వదిలేసి వెళ్లారు. మా ఆవిడ డాబా మీద పరిచి వడియాలు పెట్టింది. నాలుగు మూలలా నాలుగు ఇటుకలు. ఎంత గాలి వీచినా కదల్లేదు.