ఈడ్స్ వంతెన: ఆర్చీల మీద కాదు, ఇసుక అడుగున చూడండి

అమెరికాలో సెయింట్ లూయిస్ దగ్గర మిసిసిపీ మీదున్న ఈడ్స్ వంతెన గురించి ఎక్కడ చదివినా ముందు తగిలేది ఏనుగు కథే. 1874 జూన్‌లో, ఇంకా ప్రారంభం కాకముందు, జనానికి ధైర్యం కలగాలని ఒక ఏనుగును దాని మీద నడిపించారు. గట్టిగా లేనిచోట ఏనుగు కాలు పెట్టదని అప్పటివాళ్ల నమ్మకం. అసలు పరీక్ష తర్వాత జరిగింది, 14 రైలింజన్లతో. సరే, ఫొటోలో పడేవి మూడు ఉక్కు ఆర్చీలే కాబట్టి పొగడ్తలన్నీ వాటికే పోతాయి. నన్నడిగితే ఈ వంతెన గొప్పదనమూ, దాని పాపమూ రెండూ నీళ్ల అడుగునే ఉన్నాయి.

జేమ్స్ ఈడ్స్ అంతకుముందు ఒక్క వంతెన కూడా కట్టలేదు, ఇంజనీరింగ్ చదువూ లేదు. మునిగిపోయిన పడవల్లోంచి సరుకు బయటికి తీసి డబ్బు సంపాదించిన మనిషి. డైవింగ్ బెల్‌లో (లోపల గాలి నిలిచేలా గంటలా బోర్లించిన పెట్టె) నది అడుగుకు దిగి అక్కడ నడిచాడు కాబట్టి, వరదల్లో అడుగునున్న ఇసుక కూడా కొన్ని అడుగుల మందాన నీళ్లతోపాటే కొట్టుకుపోతుందని కాళ్లతో తెలుసుకున్నాడు. అందుకే స్తంభాలు రాతి మీదే కూర్చోవాలని పట్టుబట్టాడు, తూర్పు స్తంభానికి ఆ రాయి నీటిమట్టానికి 90 అడుగుల పైచిలుకు కింద దొరికింది.

అంత లోతుకు వెళ్లడానికి వాడింది కైసన్. అడుగు లేని పెద్ద ఇనుప పెట్టెను బోర్లించి నీళ్లలోకి దించుతారు, నీళ్లు లోపలికి రాకుండా ఒత్తిడితో గాలి నింపుతారు, పైన రాతికట్టడం పెరిగేకొద్దీ ఆ బరువుకి పెట్టె దిగుతుంటే లోపల కూలీలు ఇసుక తవ్వుతుంటారు. ఆ చిక్కటి గాలిలో కొవ్వొత్తిని ఊది ఆర్పితే దానంతటదే మళ్లీ అంటుకునేది! మొదట్లో అదో తమాషా. లోతు పెరిగాక పైకొచ్చినవాళ్లు కీళ్లనొప్పులతో వంగిపోయి నడవడం మొదలైంది, తోటివాళ్లు నవ్వారు, ఆ తర్వాత చావులు మొదలయ్యాయి. జింకు, వెండి పట్టీలు తాయెత్తుల్లా కట్టుకుని దిగేవాళ్లట. మొత్తం సుమారు 15 మంది పోయారు.

కూలీల బాగోగులు చూడటానికి ఈడ్స్ పెట్టిన డాక్టర్ అల్ఫోన్స్ జామినే స్వయంగా దిగి రెండున్నర గంటలకు పైగా ఉండి, మూడున్నర నిమిషాల్లో ఒత్తిడి వదిలించుకుని బయటికొచ్చి, పక్షవాతం వచ్చినట్టు పడిపోయాడు. జవాబు ఆయన ఒంట్లోనే ఉంది. సోడా మూత ఠక్కున తీస్తే బుడగలు పొంగినట్టు, ఒత్తిడి ఒక్కసారి తగ్గితే రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. ఈ మాట 1878లో ఫ్రాన్స్‌లో పాల్ బేర్ అనే శాస్త్రవేత్త చెప్పేదాకా తేలలేదు. జామినే మాత్రం శ్రమ ఎక్కువైందనుకుని షిఫ్టుల నిడివి తగ్గించాడు. కొంత మేలు జరిగింది, నిజమే. కానీ బయటికొచ్చే టైం మాత్రం సరిపడా పెంచలేదు. ఈడ్స్‌ని విలన్‌ని చేయాలని కాదు, తెలియని లోతుకు మనుషుల్ని పంపిన ధైర్యం ఎవరి ఒంటి మీద ఖర్చయిందో చెప్పకుండా ఆయన్ని పొగిడితే అది సగం చరిత్రే.

ఆర్చీల సంగతీ తక్కువదేం కాదు. పీపాకి పలకలు పేర్చినట్టు ఉక్కు పట్టీలు పేర్చి 18 అంగుళాల గొట్టాలు చేశారు, ఏ ముక్క పాడైనా అదొక్కటే తీసి మార్చుకునేలా. కింద పరంజా లేకుండా స్తంభాల నుంచి రెండువైపులా గాల్లోకి కట్టుకొచ్చారు. 1873 సెప్టెంబర్‌లో తీరా కలపబోతే ఎండకు ఉక్కు సాగి రెండు సగాలూ ఇమడలేదు, ఐస్ కప్పినా చాలలేదు, చివరికి ముందే ఆలోచించి పెట్టిన, స్క్రూలా తిప్పి పొడవు సర్దుకునే ముక్కలతో కలిపారు.

ఇంత చేసి 1874 జూలై 4న ఘనంగా తెరిస్తే, ఏడాదిలో కంపెనీ దివాలా తీసింది. రైళ్లు రాలేదు మరి. 1878లో వేలం వేశారు. సరుకు రైళ్లూ, ప్యాసింజర్లూ తర్వాత దశాబ్దాలపాటు నడిచాయి, 1974లో ఆగిపోయాయి, 1993 నుంచి కింది అంతస్తులో అదే దారిన మెట్రోలింక్ అనే నగర రైళ్లు తిరుగుతున్నాయి.