ఎక్కించిన రక్తంతో పాటు చేరే ఇనుము

తలసీమియా మేజర్‌తో, అంటే ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని జన్యు జబ్బుతో, పుట్టిన పిల్లలకు రెండు నుంచి ఐదు వారాలకొకసారి రక్తం ఎక్కించాల్సి ఉంటుంది. ఎక్కించిన ప్రతి యూనిట్ ఎర్రకణాలతో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి చేరుతుంది. తిండి ద్వారా ఒంటికి పట్టేది రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములే. చర్మం, పేగుల నుంచి కణాలు రాలిపోవడం వల్ల బయటికి పోయేదీ దాదాపు అంతే. అంతకు మించి చేరినదాన్ని బయటికి పంపే ఏర్పాటు శరీరానికి లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి ఒంట్లో మొత్తం ఇనుము 3 నుంచి 4 గ్రాములు కాగా, 20 యూనిట్లు ఎక్కేసరికి దానికి ఏమాత్రం తగ్గని మోతాదు అదనంగా వచ్చి చేరుతుంది.

అందుకే, ఇనుమును తొలగించే కీలేషన్ చికిత్సను తర్వాతెప్పుడో తలెత్తే వేరే సమస్యగా చూడటం పొరపాటని నా అభిప్రాయం. రక్తం ఎక్కించడంలోనే అది సగభాగం.

ఇనుమును మోసుకెళ్లే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ నిండిపోయాక, మిగిలిన ఇనుము కాలేయం, గుండె, క్లోమం, పిట్యూటరీ గ్రంథి కణాల్లోకి చొరబడుతుంది. కాలేయం గట్టిపడటం, మధుమేహం, ఎదుగుదల కుంటుపడటం, యుక్తవయసు లక్షణాలు ఆలస్యం కావడం దాని ఫలితాలే. అన్నిటికన్నా భయపడాల్సింది గుండె లయ తప్పడం, గుండె విఫలం కావడం. ఏళ్ల తరబడి ఏ బాధా తెలియనివ్వకుండా ఇనుము పేరుకుపోతుంది.

సాధారణంగా 10 నుంచి 20 సార్లు రక్తం ఎక్కించాక, లేదా ఒంట్లోని ఇనుము నిల్వను సూచించే ఫెరిటిన్ రక్తపరీక్షలో మిల్లీలీటరుకు 1000 నానోగ్రాములు దాటాక కీలేషన్ మొదలుపెడతారు. అయితే జ్వరం, ఇన్ఫెక్షన్, కాలేయ వాపు కూడా ఫెరిటిన్‌ను పెంచుతాయి కాబట్టి ఒక్క రిపోర్టు చూసి కంగారు పడనక్కర్లేదు, అలాగని నిశ్చింతగానూ ఉండకూడదు. కాలేయంలోని ఇనుము మందులతో కొన్ని నెలల్లో తగ్గుముఖం పట్టినా, గుండెలోనిది పోవడానికి ఏళ్లు పట్టవచ్చు. ఫెరిటిన్ తగ్గినవారి గుండెలోనూ ఇనుము మిగిలి ఉండే అవకాశం ఉంది. దాన్ని పట్టుకునేది ఎంఆర్ఐలో టీ2 స్టార్ కొలతే. అది 20 మిల్లీసెకన్ల కన్నా తక్కువైతే గుండెలో ఇనుము చేరినట్టు, 10కి దిగువన ఉంటే ప్రమాదం దగ్గరపడినట్టు.

మందుల్లో పాతదైన డెఫెరోక్సమిన్‌ను చిన్న పంపు ద్వారా చర్మం కిందకు 8 నుంచి 12 గంటల పాటు, వారంలో కనీసం ఐదు రాత్రులు ఎక్కించుకోవాలి. డెఫెరిప్రోన్ మాత్రలు రోజుకు మూడుసార్లు వేసుకోవాలి; వీటివల్ల తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉంది కాబట్టి, జ్వరం వస్తే మందు ఆపి వెంటనే రక్తపరీక్ష చేయించుకోవాలి. డెఫెరాసిరాక్స్ రోజుకు ఒక్కసారి చాలు, కానీ మూత్రపిండాలు, కాలేయం పనితీరును తరచూ చూస్తుండాలి. ఫెరిటిన్ పెరగ్గానే ‘మందు సరిగా వాడటం లేదు’ అని రోగిని, ముఖ్యంగా పదిహేనేళ్ల పిల్లలను, మందలించడం వైద్యుల వద్ద, ఇళ్లలో కూడా అలవాటైపోయింది. మానేసిన రోజున ఏ నొప్పీ పుట్టని మందును, ప్రతి రాత్రీ కడుపులో సూది గుచ్చుకుని తీసుకొమ్మంటే ఎంతమంది పెద్దలు తీసుకుంటారు? రక్తం ఎక్కించుకోవడానికి వచ్చిన ప్రతిసారీ ఎన్ని మోతాదులు తప్పాయో, ఎందుకు తప్పాయో కోప్పడకుండా అడిగి, అవసరమైతే మందు మార్చడమో రెండు మందులు కలిపి ఇవ్వడమో చేస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

ఆకుకూరలు పూర్తిగా మాన్పించే కుటుంబాలు ఒక్కసారి లెక్క వేసుకోవాలి. నెలకు రెండు యూనిట్లతో 400 మిల్లీగ్రాములకు పైగా లోపలికి వెళుతుంటే, కూరలో మానేసింది ఏ మూలకు? ఐరన్ టానిక్‌లు మాత్రం వద్దు. విటమిన్ సి మాత్రలను సొంతంగా ఎక్కువ మోతాదులో వాడటం గుండెకే ముప్పు.

ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ జబ్బు ఉన్నవారికీ రక్తం అవసరమవుతుంది; వారికి పాత రక్తం తీస్తూ కొత్తది ఎక్కించే పద్ధతిలో ఇనుము చాలా తక్కువగా చేరుతుంది. మైలోడిస్‌ప్లాసియాతో (ఎముక మజ్జలో రక్తకణాలు సరిగా తయారుకాని జబ్బు) బాధపడే వృద్ధుల విషయం వేరు. వారిలో మిగిలిన ఆయుష్షునూ, మందు దుష్ఫలితాలనూ తూచి కీలేషన్ ఇవ్వాలో వద్దో నిర్ణయించాలి.

మూలకణ మార్పిడితో తలసీమియా నయమైనవారిలోనూ పాత ఇనుము అలాగే ఉండిపోతుంది. హిమోగ్లోబిన్ నిలకడగా ఉంటే, వారి నుంచి విడతలవారీగా రక్తం తీస్తారు. ఒక యూనిట్ తీసిన ప్రతిసారీ బయటికి వచ్చే ఇనుము దాదాపు 200 నుంచి 250 మిల్లీగ్రాములు.